పునీతుల సెలవు

సాంతా ఇనెస్ దెల్ పారమో
జూన్ 14

దొమితిలా,

నీ ఉత్తరం అందింది. బాగున్నానా అని అడిగావు. ఊళ్ళో అందరూ బాగున్నాననే అంటున్నారు.

మీ అక్కను సమాధి చేసి మూడు నెలలైంది. ఆ రోజు నేను ఒక్క కన్నీటి బొట్టు రాల్చకపోవడం నువ్వూ చూశావు. ఊరు దాన్ని గుండె దిటవు అంటోంది. పోయిన ఆదివారం ఫాదర్ బెర్నాబె ప్రసంగంలో నా పేరు చెప్పాడట: దుఃఖాన్ని ఎలా భరించాలో మన సర్వేయరును చూసి నేర్చుకోండి అని. ఈ సంగతి పక్కింటి డోన్యా అనతోలియా చెబితే తెలిసింది. ప్రసంగం జరుగుతున్నప్పుడు నేను మొదటి బెంచీలోనే ఉన్నాను. నిద్రపోతున్నాను.

నిజం నీకొక్కదానికే రాస్తున్నాను. సమాధి దగ్గర కూడా నిద్రపోయాను, కళ్ళు తెరుచుకునే. పెట్టె దించడం గుర్తుంది. మట్టి వేయడం గుర్తు లేదు. బెత్సబే గొంతు ఎలా ఉండేదో తలుచుకోబోతే దొరకడం లేదు. నలభై నాలుగేళ్ళు విన్న గొంతు.

ఇది నడుం నొప్పి మందు చేస్తున్న పని అని నా అనుమానం. ఏడేళ్ళుగా పూటకు ముప్పై ట్రమడాల్ చుక్కలు, రోజుకు మూడు పూటలు. ఆమె ఉన్నన్నాళ్ళూ ఇంత మత్తు లేదు. పోయాకే వచ్చింది. దుఃఖం వల్ల అంటారు. నాకు దుఃఖం ఇంకా రానేలేదు.

సోమవారం నుంచి మానేస్తున్నాను. వచ్చే మార్చిలో సంవత్సరీకం పూజ ఉంది. దానికి మెలకువగా కూర్చోవాలి. నాకు కావలసింది అంతే.

అర్సేనియో

సోగమోసో
జూన్ 16

బావగారూ,

ఆగండి. ఈ ఉత్తరం పూర్తిగా చదివేదాకా కుర్చీలోంచి లేవకండి.

ముప్పై ఒక్కేళ్ళు మందుల కొట్టు కౌంటరు వెనక నిలబడ్డాను. "సోమవారం నుంచి మానేస్తున్నా" అన్న వీరుల్ని వందమందిని చూశాను. గురువారానికల్లా అదే కౌంటరు పట్టుకుని వణుకుతూ నిలబడేవారు. ఏడేళ్ళుగా మీ ఒళ్ళు ఆ మందుకు ఆనుకుని నిలబడింది. ఉన్నట్టుండి లాగేస్తే కూలుతుంది. చెమటలు, ఆవలింతలు, విరేచనాలు, కాళ్ళు వాటంతటవే ఎగిరిపడడం. ఒక్కోసారి మూర్ఛ కూడా వస్తుంది. మగతనం ఇక్కడ చూపించకండి.

మానకండి, తగ్గించండి. పూటకు ఒకటో రెండో చుక్కలు తగ్గించి రెండు వారాలు ఆగాలి. ఒళ్ళు ఒప్పుకుంటే మళ్ళీ ఒకటి. ఒప్పుకోకపోతే ఉన్నచోటే కూర్చోవాలి. ఇదంతా డాక్టరుకు చెప్పి, డాక్టరు చూస్తుండగా చెయ్యాలి. మీ ఆరోగ్య కేంద్రంలో ఏడాదికో డాక్టరు మారతాడని తెలుసు. ఎవరుంటే వాళ్ళకే చెప్పండి. అనతోలియాకు మాత్రం చెప్పకండి. సారా ముట్టుకోకండి. మార్చి నెలను ముడిపెట్టుకుని పరిగెత్తకండి, ఒంటికి కేలండరు చదవడం రాదు.

నిజంగా ముప్పైయేనా? మళ్ళీ లెక్కపెట్టి రాయండి.

ఫోను చేస్తే "అరవకు దొమితిలా" అని పెట్టేస్తారు కనుక బస్సు డ్రైవరు చేతికి ఇస్తున్నాను. రేపే అందుతుంది.

దొమితిలా

సాంతా ఇనెస్
జూన్ 27

దొమితిలా,

రేపే అందలేదు. దారిలో కొండచరియ విరిగి బస్సు ఆగింది. ఆగినచోటు డ్రైవరు అత్తగారి ఊరు. అతను తొందరపడలేదు. ఉత్తరం శుక్రవారం వచ్చింది. అప్పటికి నేను నాలుగు రోజుల వీరుణ్ణి.

నువ్వు రాసినవన్నీ వరుస తప్పకుండా వచ్చాయి, మూర్ఛ తప్ప. డోన్యా అనతోలియా మంచం పక్కన కూర్చుని చూసింది.

"కాళ్ళు అలా తన్నుకుంటున్నాయంటే తెలీడం లేదా డోన్ అర్సేనియో? ఆవిడ లాగుతోంది."

"ఎక్కడికి?"

"ఎక్కడికేంటి, తన దగ్గరికే. ఒక్కతీ ఉండలేకపోతోంది పాపం."

"నలభై నాలుగేళ్ళలో ఒక్కసారీ లాగలేదండీ. కావాలంటే కేకేసేది."

"అక్కడ కేకలెయ్యనివ్వరు."

ఆవిడ లోపలికి రాకుండా గుమ్మానికి సదాపాకు కట్టింది. గుడి గంటలు కొట్టే ఎలియోదోరో వచ్చి దిండు మీద పవిత్ర జలం చల్లాడు. దిండు తడిసింది. మందు పేరు మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఎత్తలేరు. ఆమె మోకాలికి ఒక సీసా, అతని పంటికి ఒక సీసా మొన్న ఏప్రిల్‌లో నేనే ఇచ్చాను.

శుక్రవారం నీ ఉత్తరం పట్టుకుని ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాను. కొత్త డాక్టరు వచ్చింది. పేరు లుసెరో, పాతికేళ్ళుంటాయి. చదువైపోయాక ఒక ఏడాది పల్లెలో పనిచేసి తీరాలన్న నియమం మీద వస్తారు, ఏడాది నిండగానే పోతారు. ఏడేళ్ళలో ఈమె ఎనిమిదో మనిషి. ఒక్కొక్కరూ ముందువాడి చీటీ చూసి అదే రాసేవారు. చీటీ ఆరోగ్యంగా ఉంది. నన్ను ఎవరూ చూడలేదు.

"చొక్కా పైకెత్తండి," అంది.

"ఎందుకు?"

"నడుం చూద్దామని."

"అంతా కాగితంలో ఉందమ్మా."

"నొప్పి కాగితానికా తాతగారూ?"

బొటనవేలితో నొక్కుకుంటూ వచ్చి ఒకచోట ఆగింది. అరిచాను. ఏడేళ్ళ తర్వాత నా నొప్పికి చిరునామా దొరికింది.

ఇరవై నాలుగు చుక్కల దగ్గర మొదలుపెట్టించింది. రెండు వారాలకు ఒకటి తగ్గించాలి. వేడినీళ్ళ కాపడం, పొద్దున నడక, ప్రతి తగ్గింపుకూ ముందు ఆమెకు కనబడడం. నువ్వూ ఆమే కూడబలుక్కున్నట్టుంది.

ఒక సంగతి. బెత్సబే పోయేనాటికి అలమరాలో మూత తియ్యని సీసాలు పద్నాలుగు ఉన్నాయి. రెండు ఇచ్చేశాను కనుక పన్నెండు. నెలకు ఏడు సీసాలు ఇస్తారు. పూటకు ముప్పై చుక్కలైతే ఆ ఏడూ అయిపోవాలి. మిగలకూడదు. నేను జన్మంతా భూమి కొలిచాను. కొలత మొదలైన రాయి దగ్గరికే తిరిగి రాలేదంటే దారిలో ఎక్కడో తప్పుంది. ఎక్కడ?

అర్సేనియో

సోగమోసో
జూలై 3

బావగారికి నమస్కారాలు.

మంచి డాక్టరు దొరికినందుకు చాలా సంతోషం. ఆమె చెప్పినట్టే చెయ్యండి. మిగిలిన సీసాలు డ్రైవరు చేత నాకు పంపండి, ఇంట్లో ఉంచకండి. ఇచ్చిన రెండూ వెనక్కి తెప్పించండి. ఒకరి మందు ఇంకొకరు తాగకూడదు.

సీసాలంటారా, మిగులుతూనే ఉంటాయి. ఒక్కోసారి ఎక్కువ ఇస్తారు.

ఇక్కడ వారం నుంచి ఒకటే వాన. బంగాళాదుంపలు కుళ్ళిపోతున్నాయంటున్నారు. చలి కూడా బాగా ఉంది.

దొమితిలా

సాంతా ఇనెస్
సెప్టెంబరు 20

దొమితిలా,

పద్దెనిమిది చుక్కలు. ఇరవై దగ్గర ఒళ్ళు మొరాయించింది. డాక్టరు వారం ఆగమంది, ఆగాను. ఇప్పుడు నడుం నొప్పి ఉంది గాని నేనూ ఉన్నాను. మధ్యాహ్నం పేపరు చదివితే సాయంత్రం దాకా గుర్తుంటోంది. గుర్తుంచుకోదగినదేమీ ఉండడం లేదు, అది వేరే విషయం.

పన్నెండు సీసాలూ పంపాను. ఎలియోదోరో తనది తెచ్చి ఇచ్చాడు, పన్ను పీకించుకున్నాడట. డోన్యా అనతోలియా ఇవ్వనంది.

"ఇచ్చిన చేత్తో తిరిగి అడుగుతారా? దేవుడి పటాల పక్కన పెట్టుకున్నాను."

"తాగారా?"

"కొంచెం."

"మోకాలు ఎలా ఉంది?"

"మోకాలి సంగతే మర్చిపోయాను. ఇనుప పెట్టె తాళం ఎక్కడ పెట్టానో అదీ మర్చిపోయాను. ఎంత హాయిగా ఉందో!"

ఆమెను కూడా డాక్టరు దగ్గరికి రమ్మన్నాను. రాలేదు.

ఇక అసలు సంగతి. ఇప్పుడు చుక్కలు నేనే లెక్కపెట్టుకుంటున్నాను, ఒకటి, రెండు, మూడు అని. బెత్సబే అలా లెక్కపెట్టేది కాదు. పునీతుల పేర్లతో లెక్కపెట్టేది. "సాన్ రోకె, మా కోసం వేడుకో." ఒక చుక్క. "సాంతా బార్బరా, మా కోసం వేడుకో." ఇంకో చుక్క. ముప్పై మంది అయ్యాక గ్లాసులో బెల్లం నీళ్ళు పోసి ఇచ్చేది. నాకు నమ్మకం లేదు కనుక వినేవాణ్ణి కాదు. కాని పోయిన ఏడాది ఒకసారి అడిగాను.

"సాంతా బార్బరా ఏదీ? ఇవాళ పిలవలేదే."

"సెలవు పెట్టింది."

"ఎన్నాళ్ళు?"

"నాస్తికుడివి, నీకెందుకు? తాగు, చల్లారిపోతోంది."

మాటలు గుర్తున్నాయి. గొంతు లేదు.

పద్నాలుగు సీసాలు ఎలా మిగిలాయని మందుల కొట్టు మనిషివి నువ్వు నన్ను అడగలేదు. ఉత్తరమంతా వాన గురించి రాశావు. ఇన్నేళ్ళలో నువ్వు వాన గురించి మాట్లాడగా నేను వినలేదు.

అర్సేనియో

సోగమోసో
సెప్టెంబరు 28

బావగారూ,

పోయిన ఏడాది జూలైలో అక్క నా దగ్గరికొచ్చి కూర్చుంది. "ఆయన ఇంట్లోనే ఉంటున్నాడే, కాని ఇంట్లో ఎవరూ లేరు," అంది. "ఉప్పు వెయ్యకుండా సూపు పెట్టాను, తాగేశాడు. పోట్లాడడం మానేశాడు. నాకు మా ఆయన కావాలి."

మీకు చెబితే నాకేమీ కాలేదంటారు. డాక్టరుకు చెబితే చీటీ చూస్తాడు. అందుకని మేమిద్దరం కలిసి చేశాం. రెండు వారాలకు ఒక చుక్క. లెక్క నాది, చెయ్యి అక్కది. మీరు గమనించకుండా ఒక్కొక్క పునీతుణ్ణీ సెలవు మీద పంపేది. ఎనిమిది నెలల్లో పదహారు మంది వెళ్ళారు. ఆమె పోయిన రోజుకు మీరు తాగుతున్నది పద్నాలుగు చుక్కలు. ముప్పై కాదు.

మనిషికి చెప్పకుండా అతని మందు తగ్గించకూడదు. అది నేరం. కౌంటరు మీద ఎంతమందికి చెప్పానో! అయినా చేశాను. అది నా మొదటి తప్పు.

రెండోది వినండి. అక్క సంతలో కుప్పకూలిన రోజు సాయంత్రం, పెట్టె ఇంకా ముందు గదిలోనే ఉంది. మీకు మందు వేళ అయింది. అనతోలియా చీటీ చూసి ముప్పై చుక్కలు పోసింది. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. "పద్నాలుగే" అంటే చాలు. ఎందుకని అడుగుతారు. ఫాదర్ ఉన్నాడు, అప్పటి డాక్టరు ఉన్నాడు, ఊరంతా ఉంది. ముప్పై ఒక్కేళ్ళ పేరు నాది. మీరు తాగారు.

ఒక్క పూటలో రెట్టింపు దాటింది. నిద్రలో ఊపిరి ఆగిపోవచ్చు. ఆ రాత్రంతా మీ గుమ్మం దగ్గర కూర్చుని మీ గురక విన్నాను. పొద్దున మీరు ఏడవకుండా నిలబడితే ఊరు గుండె దిటవు అంది. అది నా పిరికితనం అని నాకొక్కదానికే తెలుసు.

తర్వాత ప్రతి వారం రాద్దామనుకున్నాను. వాన గురించి రాశాను.

దొమితిలా

సాంతా ఇనెస్
అక్టోబరు 10

దొమితిలా గారికి,

మీ ఉత్తరం అందింది. నా భార్యను సమాధి చేసినప్పుడు నేను అక్కడ లేను. ఎందుకు లేనో తెలిసింది.

చుక్కలు పదిహేడు.

అర్సేనియో పిన్సోన్

సోగమోసో
డిసెంబరు 18

బావగారికి,

మూడు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు. రాకపోవడం న్యాయమే.

దీంతో అక్క జపపుస్తకం పంపుతున్నాను. ఆ రోజు మీ ఇంట్లోంచి నేనే తీసుకొచ్చేశాను. మీ కంట పడుతుందని భయపడ్డాను. చివరి పేజీలు చూడండి. ముప్పై పేర్లూ ఉన్నాయి, ఎవరిని ఎప్పుడు పంపిందో రాసుకుంది.

క్షమించమని అడగను. ఎన్ని చుక్కల దగ్గర ఉన్నారో అది మాత్రం రాయండి. అక్షరాల్లో వద్దు, అంకె చాలు.

దొమితిలా

సాంతా ఇనెస్
జనవరి 12

దొమితిలా,

10.

పుస్తకం చేరింది. మీ అక్క పునీతుల్ని ఊరికే పంపలేదు. ఒక్కొక్కరికీ కారణం రాసింది. సాంతా బార్బరా: ఉరుముల కాలం అయిపోయింది. సాంతా లుసియా: కళ్ళజోడు కొనుక్కున్నాడు. సాన్ క్రిస్తోబల్: ప్రయాణాలు కాచే సామి, ఈయన ఎక్కడికీ కదలడు. సాన్ అంతోనియో: పోయినవన్నీ ఎలాగూ నేనే వెతుకుతున్నాను. నా మీద ఇన్ని ఫిర్యాదులు ఉన్నాయని నాకు తెలియదు. ఒక్కటీ తప్పు కాదు.

నవంబరులో పద్నాలుగు దాటాను. అక్కడిదాకా ఆమె నన్ను ఒకసారి నడిపించిన దారే. తర్వాతది ఆమె చూడని దారి. అక్కడి నుంచి అంకెలు మానేసి, ఆమె మిగిల్చిన పేర్లతో లెక్కపెడుతున్నాను. పోయిన మంగళవారం పొద్దున, వంటింట్లో, నాలుగో పేరు సాన్ పంక్రాసియో. ఆ పేరు దగ్గర ఆమె ఎప్పుడూ గొంతు సవరించుకునేది. నేను ఆ పేరు అన్నాను. సవరించుకున్న చప్పుడు వినిపించింది. తర్వాత గొంతు వచ్చింది. ఆమెదే. గ్లాసు కింద పెట్టేశాను.

పేజీ చివర ఇలా ఉంది: "సాంతా రీతా, అసాధ్యాలకు. ఆఖరున. ఈవిణ్ణి నేనే దగ్గరుండి పంపుతాను."

నీ మీద కోపం పోలేదు. కోపం రావడం ఏడేళ్ళలో ఇదే మొదటిసారి. డాక్టరుకు చెబితే మంచి లక్షణం అని రాసుకుంది.

అర్సేనియో

సాంతా ఇనెస్
మార్చి 11

దొమితిలా,

సంవత్సరీకం అయింది. నువ్వు రాలేదు. రావలసింది.

ఆరు చుక్కల మీద వెళ్ళాను. మొదటి బెంచీ. మెలకువగా ఉన్నాను. ఫాదర్ పునీతుల ప్రార్థనమాల మొదలుపెట్టాడు. ఒక్కొక్క పేరుకూ జనం "మా కోసం వేడుకో" అంటున్నారు. సాన్ రోకె దాకా బాగానే ఉన్నాను. సాంతా బార్బరా అన్నాడు. సెలవు పెట్టింది కదా అనుకున్నాను. అంతే.

నేను ఏడ్చిన తీరు ఏడుపని కూడా అనలేం. దూడ అరిచినట్టుందని ఎలియోదోరో తర్వాత చెప్పాడు. ఫాదర్ ఆగిపోయాడు. ఏడాదిగా నన్ను ఆదర్శంగా చూపిస్తున్నవాడు, పేజీ ఎక్కడో మర్చిపోయాడు. డోన్యా అనతోలియా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏంటిది డోన్ అర్సేనియో, అందరూ చూస్తున్నారు!"

"చూడనివ్వండి."

"పోయినేడు ఎంత బాగున్నారు! రాయిలా ఉన్నారు. ఇలా దిగజారిపోయారేంటి?"

సంచీలోంచి సీసా తీసింది. నేనిచ్చినదే. కాస్త అడుగున మిగిలి ఉంది.

"ఇందులో ముప్పై చుక్కలుంటాయి. నాకోసం దాచుకున్నాను, పర్లేదు, మీరు తాగండి. ఇంటికెళ్ళేదాకా పరువు నిలబడుతుంది."

సీసా తీసుకుని జేబులో వేసుకున్నాను. చేతులు జోడించి థాంక్స్ కూడా చెప్పాను. ఆ తర్వాత మాల పూర్తయ్యేదాకా ఏడ్చాను. అందరు పునీతులూ అయిపోయారు.

సీసా దీంతో పంపుతున్నాను. నా చుక్కలు తప్ప ఊళ్ళో ఇక మిగల్లేదు. వచ్చే ఆదివారం ఫాదర్ నా పేరు చెప్పడని అనుకుంటున్నాను.

అర్సేనియో

సోగమోసో
జూలై 22

బావగారూ,

మే నెల సగం నుంచి ఒక్క చుక్క దగ్గరే ఉన్నారు. అడిగితే "నడుం" అని రాస్తున్నారు. ఒక్క చుక్క నడుంకు ఏమీ చెయ్యదు. ఈగకు కూడా చెయ్యదు. డాక్టరు లుసెరో వెళ్ళేముందు ఈ మాటే చెప్పి ఉంటుంది.

ఎందుకు ఆగారో నాకు తెలుసు. రీతాను అక్క దగ్గరుండి పంపుతానంది. మీరు పంపేస్తే ఇక పిలవడానికి పేరు ఉండదు, పేరు లేకపోతే గొంతు ఉండదు.

పోయినసారి గుమ్మంలో నిలబడి ఊరుకున్నాను. ఈసారి లోపలికొస్తాను. శనివారం బస్సుకు వస్తున్నాను. అత్తగారి ఊళ్ళో ఆగితే డ్రైవరు సంగతి చూస్తాను. గ్లాసు కడిగి ఉంచండి.

దొమితిలా

సాంతా ఇనెస్
ఆగస్టు 10

దొమితిలా,

నువ్వు వెళ్ళి రెండు వారాలైంది. ఆ పూట ఇద్దరం రీతా పేరు చెప్పి ఉత్త బెల్లం నీళ్ళు తాగాక ఏమీ కాలేదు. చెమట లేదు, కాళ్ళు తన్నుకోలేదు. నడుం నొప్పి బొటనవేలు పెట్టిన చోటే ఉంది. దానితో పొద్దున నది దాకా నడుస్తున్నాను.

కొత్త డాక్టరు వచ్చాడు. నా కాగితం తీశాడు. లుసెరో దాని మీద ఒక్క ముక్క రాసి వెళ్ళింది: "మనిషిని చూడండి." అతను చాలాసేపు కాగితాన్నే చూశాడు. తర్వాత చొక్కా ఎత్తమన్నాడు.

నువ్వు సూపులో ఉప్పు ఎక్కువ వేశావు. అప్పుడు చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

చుక్కల గొట్టం కడిగి కిటికీలో పెట్టి వెళ్ళావు కదా. దానితో రోజూ పొద్దున బెత్సబే జెరేనియం కుండీలో నీళ్ళు పోస్తున్నాను. ముప్పై పేర్లు, ఒక్కటీ వదలకుండా. సాన్ పంక్రాసియో దగ్గర కాస్త ఆగుతాను. ముప్పై చుక్కలు మొక్కకు ఏ మూలకూ చాలవు, తర్వాత చెంబుతో పోస్తాను. డోన్యా అనతోలియా గోడ మీంచి చూసి నాకు మతి పోయిందని చెబుతోంది. ఫాదర్ నాకు మతం కుదిరిందని చెబుతున్నాడు. రెండూ కాదు. ఆమె పిలిచినట్టే పిలుస్తాను, వస్తారు.

అందరి సెలవూ అయిపోయింది.

అర్సేనియో